జేబులో రెండో రింగు

భిక్షపతి చెప్పులు విడిచి కారులోకి దూరాడు. ఎవరి కారైనా అంతే. చెప్పులు బయట, డోరుకు ఎదురుగా, గడప ముందు విడిచినట్టు పక్కపక్కనే ఉండాలి. కుడి చెప్పు పట్టీ తెగి మూడు నెలలైంది. దాన్ని ఎర్ర స్పీకరు వైరుతో కట్టుకుని నడుస్తున్నాడు.

కారు మిర్యాలగూడ రైసుమిల్లు షావుకారిది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. కారుతో వచ్చిన స్టీరియో అలాగే ఉండాలి, డిక్కీలో మాత్రం రెండు సబ్‌వూఫర్లు దద్దరిల్లాలి. అదీ షావుకారి కోరిక. భిక్షపతి స్టీరియోను గీత పడకుండా బయటికి లాగాడు. వెనక కుప్పగా ఉన్న వైర్లలోంచి స్పీకరు జతలను చూడకుండానే వేళ్లతో పట్టుకున్నాడు. వాటికో చిన్న కన్వర్టరు తగిలిస్తే పాట యాంప్లిఫయరు దాకా వెళ్తుంది. కరెంటు మాత్రం బ్యాటరీ నుంచే రావాలి. వేలంత లావు ఎర్ర వైరు ఇంజను దగ్గర బయల్దేరి, మధ్యలో అడ్డున్న ఇనప రేకుకు పెట్టిన రంధ్రంలోంచి లోపలికొచ్చి, కార్పెట్ కింద డిక్కీ దాకా పాకాలి.

భిక్షపతికి యాభై రెండేళ్లు. సన్నటి మనిషి, మోచేతుల దాకా పాత గాట్లు. చిలుకూరులో గొర్రెల మంద వెనక తిరిగే వయసులో తండ్రి ట్రాన్సిస్టర్ విప్పి, మళ్లీ బిగించలేక, దెబ్బలు తిని సూర్యాపేట బస్సెక్కాడు. రేడియోలు, పెళ్లిళ్ల మైకులు, లారీల టేపురికార్డర్లు, ఇప్పుడు కార్లు. మైకుల పక్కన నిలబడీ నిలబడీ ఎడమ చెవి పోయింది. అప్పట్నుంచి చేత్తోనే వింటున్నాడు. డిక్కీలో పెట్టె మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, ఏ స్క్రూ వదులైందో చెప్పేస్తాడు. నిద్రలో కూడా వేళ్లు దరువేస్తుంటాయని భార్య మైసమ్మ విసుక్కుంటుంది. ఇంట్లో మాత్రం ఒక్క రేడియో లేదు.

రేకుకు రంధ్రం పెట్టడం అయింది. రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు రింగు కోసం పని చొక్కా జేబులో వేలు పెట్టాడు. ఆ చొక్కా ఇంటికి పోదు, రాత్రి షాపులోనే మేకుకు వేలాడుతుంది. పొద్దున్నే జర్దా డబ్బాలోంచి కారుకో రింగు లెక్కన తీసి జేబులో వేసుకుంటాడు. ఇవాళ ఒక కారు. ఒక రింగు.

వేలికి రెండు తగిలాయి.

భిక్షపతి కదల్లేదు. జేబులో వేలు అలాగే ఉంది. మే నెల ఎండకు బోనెట్ కాలుతోంది.

నిన్న ఒకటే కారు, కోదాడ యేసయ్య ట్యాక్సీ. రంధ్రం పెట్టాడు. ఎడమ చెయ్యి భుజం దాకా లాగింది. గ్యాసనుకుని ఎదురు బండి దగ్గర సోడా తాగి కాసేపు కూర్చున్నాడు. తిరిగొచ్చి వైరు లాగాడు. మధ్యలో రింగు?

"లక్ష్మణ్, నిన్న యేసయ్య బండికి ఫ్యూజ్ పెట్టలే గదా?"

షాపు యజమాని లక్ష్మణ్ అతనికంటే పదిహేనేళ్లు చిన్న. సెల్‌ఫోన్‌లోంచి తలెత్తాడు. "స్టాకేడిది నిన్న? రెండ్రోజులాగి రమ్మన్నం. రింగున్నదిలే, ఏం గాదని నువ్వే అంటివి గదనే."

భిక్షపతి అరచెయ్యి చాపాడు.

"రెండెందుకే?"

"ఒకటి నిన్నటిది."

లక్ష్మణ్ సెల్‌ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. రింగు లేకపోతే రేకు అంచు కత్తే. బండి ఊగినప్పుడల్లా వైరు తొడుగును కోస్తుంది. రాగి ఇనుముకు తాకితే నిప్పు. ఫ్యూజు ఉంటే అది మాడిపోయి నిప్పును ఆపేది. ఆ బండికి రెండూ లేవు.

"మూడింటికి కోదాడ బస్టాండు కాడ బెజవాడ కిరాయి ఎక్కించుకుంటనని నిన్న చెప్పిండు," అన్నాడు భిక్షపతి. "పిల్లజెల్లతోని అయిదుగురు."

గడియారం ఒకటిన్నర దాటింది. యేసయ్యకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. లక్ష్మణ్ కూడా చేశాడు. ఎత్తేవాళ్లు లేరు. పొద్దున హైదరాబాదు నుంచి వచ్చిన ఫ్యూజుల్లో ఒకటి, ఒక రింగు, పానా, కటింగ్ ప్లేయరు సంచిలో వేసుకున్నాడు.

"ఈ షావుకారికేం జెప్పాలె?"

"నాకు పానం బాగలేదని చెప్పు."

అది అబద్ధమనే అనుకున్నాడు భిక్షపతి.

బస్సులో కూర్చోవడానికి చోటు దొరికినా కూర్చోలేదు. డ్రైవరు వెనక నిలబడి ఎదురొచ్చే ప్రతి ట్యాక్సీని చూశాడు. మునగాల దగ్గర రోడ్డు పక్కన పొగ లేస్తుంటే డ్రైవరు సీటు మీదుగా ముందుకు వంగి చూశాడు. దగ్గరికొచ్చాక తెలిసింది, ఎవరో పొలంలో కొయ్యకాలు తగలబెడుతున్నారు. మళ్లీ ఫోను చేశాడు. అది పన్నెండోసారి. ముప్పై ఏళ్లలో చేతి కింద నుంచి వెళ్లిన ఏ బండీ చెడ్డపేరుతో వెనక్కి రాలేదు. అతని పేరు మీద ఉన్న ఆస్తి అదొక్కటే.

కోదాడలో దిగేసరికి రెండూ యాభై. పరుగెత్తాడు. ట్యాక్సీ కనబడక ముందే దాని దరువు అరికాళ్లకు తెలిసింది. యేసయ్య పాట పెట్టుకుని బండి టాపు మీద సంచులు సర్దుతున్నాడు. అయిదుగురూ చెట్టు నీడన నిలబడ్డారు. చిన్నపిల్ల ఒకతె ఆ పాటకు గెంతుతోంది.

"నువ్వేందన్నా ఇక్కడ? ఫోన్ చేస్తే పోయేది గదా."

"పన్నెండుసార్లు చేసిన."

"పాటలో వినపళ్లేదు." యేసయ్య నవ్వాడు. "నువ్వు పెట్టిన బేసేగా!"

"బంద్ చెయ్యి. బోనెట్ ఎత్తు."

ఆ గొంతు విని యేసయ్య నవ్వు ఆపాడు. భిక్షపతి బ్యాటరీ తీగ విప్పి, రంధ్రంలోంచి ఎర్ర వైరును బయటికి లాగాడు. తొడుగు చీరుకుపోయి ఉంది. లోపల బియ్యపు గింజంత మేర రాగి తళతళలాడుతోంది.

"సూడు."

యేసయ్య చూశాడు. తర్వాత తిరిగి ఆ పిల్లను చూశాడు. చెయ్యి తనంతట తానే ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకుంది.

"నేనే మర్సిన," అన్నాడు భిక్షపతి. "ఎవలు అడిగినా గిదే చెప్పు."

తెగిన మేర కత్తిరించి కొత్తగా అతికించాడు. రింగు తొడిగాడు. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు బిగించాడు. ఇరవై నిమిషాలు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఎడమ భుజం రుద్దుకున్నాడు.

"మంచినీళ్లు తాగన్నా."

"జర ఆగు. సూసి తాగుత."

వెనక డోరు తీశాడు. చెప్పులు విడిచి, పక్కపక్కన సర్ది, సీట్లో కూర్చున్నాడు. సీటు మీదుగా చెయ్యి వెనక్కి చాపి, సీటు వెనకే ఉన్న స్పీకరు పెట్టె మీద ఆనించాడు.

"ఇగ పెట్టు."

యేసయ్య ముందు కూర్చుని పాట పెట్టాడు. అద్దంలో భిక్షపతి కనబడుతున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తల సీటుకు వాలింది. వేళ్లు దరువుకు సరిగ్గా పడుతున్నాయి. చరణం అయింది. రెండో చరణం.

"సరిపోయిందా అన్నా?"

జవాబు లేదు. ఎడమ చెవి వినబడదని యేసయ్యకు తెలుసు. ఇంకాస్త పెంచాడు. వేళ్లు ఇంకా జోరుగా ఎగిరాయి. మురిసిపోయి, పాట మొత్తం అయ్యేదాకా ఆగాడు.

పాట ఆగింది. వేళ్లూ ఆగాయి.

"అన్నా!"

యేసయ్య వెనక్కి తిరిగి చెయ్యి పట్టుకున్నాడు. బరువుగా జారి సీటులో పడింది. ఒడిలో ఉన్న రెండో చేతి చూపుడువేలూ బొటనవేలూ, మధ్యలో ఇంకో రబ్బరు రింగు ఉన్నట్టు, గుండ్రంగా కలుసుకుని ఉన్నాయి.

సంచులు కింద పారేసి అదే బండిలో దవాఖానకు తీసుకుపోయాడు. గుంతలు చూసుకోలేదు, బ్రేకు వేయలేదు. డాక్టరు కనురెప్ప ఎత్తి చూసి, జరిగింది విని, తల సీటుకు వాలినప్పుడే ప్రాణం పోయిందన్నాడు.

"లేదు సార్. పాట మొత్తం విన్నాడు," అన్నాడు యేసయ్య. "వేళ్లు కూడా ఆడిచ్చాడు. నేను చూశా."

యేసయ్య తన అరచెయ్యి చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత బండిలో పాట పెట్టి, ఆ చేతిని పెట్టె మీద వదిలేస్తే వేళ్లు వాటంతటవే దరువేశాయి.

బస్టాండు దగ్గర బెజవాడ వాళ్లు వేరే బండి ఎక్కారు. సాయంత్రం దాకా ట్యాక్సీలు వస్తూ పోతూనే ఉన్నాయి. యేసయ్య బండి నిలిచిన చోట మాత్రం ఎవరూ నిలపలేదు. అక్కడ ఒక జత చెప్పులు, ఖాళీ చోటుకు ఎదురుగా, పక్కపక్కనే ఉన్నాయి. కుడి చెప్పుకు ముడివేసిన ఎర్ర వైరు ఎండకు మెత్తబడి, ఇంకా ఆ కాలివేళ్లను పట్టుకున్నట్టే వంగి ఉంది.