రెండో గుండీ కుట్టేలోగా

గాలి.

కుట్టుమిషన్ మీది గుడ్డను ఎత్తి ఎత్తి పడేసే గాలి. తలుపును గోడకేసి కొట్టే గాలి.

ఆరేళ్లుగా ఆమె ఈ గాలినే తిట్టుకుంది. మొగుణ్ని ఒక్కనాడూ తిట్టలేదు.

అతను విమానాల మెకానిక్. కొండల అవతల చిన్న విమానాశ్రయంలో ఉద్యోగం. నెలకోసారి ఇంటికొస్తాడు... ఒక్కోసారి అదీ లేదు.

"ఎదురుగాలే! విమానం ఎక్కడెక్కడో ఆగుతుంది, రోజంతా పడుతుంది. నువ్వు తట్టుకోలేవులే" అనేవాడు.

విమానాల మనిషి చెప్పాక, విమానాల సంగతి ఇంకొకరిని అడుగుతారా ఎవరైనా?

పాప పుట్టిన మూడో రోజుకి వచ్చాడు. "కాళ్లు పడిపోయాయా వాడికి?" అని అతని కన్నతల్లే మండిపడింది.

"దూరం కదా అత్తయ్యా" అంది ఈమె. పచ్చి బాలింత. లేవలేని నీరసంలోనూ మొగుణ్ని వెనకేసుకొచ్చింది.

అలా వెనకేసుకొస్తూనే ఉంది. ఊరందరి దగ్గరా.

ఇవాళ పాపను అత్తగారికి అప్పజెప్పి, అతనికి చెప్పాపెట్టకుండా విమానమెక్కింది. మొహం చాటంత చేసుకుంటాడనుకుంది, పిచ్చిది! సంచిలో రెండు పూటల తిండి, వాంతులకి నిమ్మకాయ, దుప్పటి. ఒళ్లో అతని కొత్త చొక్కా — దారిపొడుగునా గుండీలు కుట్టుకుంటూ పోవచ్చని.

విమానం లేచింది. కింద కొండలు, కొండల మీద మబ్బుల నీడలు.

మొదటి గుండీ కుట్టింది. దారం కొరికింది. రెండో గుండీకి సూదిలో దారం ఎక్కిస్తోంది —

"దిగాలమ్మా" అన్నాడు పైలట్.

"ఇది ఏ ఊరు బాబూ? మళ్లీ ఎప్పుడు బయల్దేరుతుంది?"

"భలేవారే, వచ్చేశాం! రోజూ రెండుసార్లు తిరుగుతాం. ఇదేమంత దూరమని?"

వచ్చేశాం.

సాయంత్రం పని ముగించుకుని ఎక్కితే, పొయ్యి మీద అన్నం ఉడికేలోగా ఇంట్లో ఉండేవాడు.

ప్రతి సాయంత్రం. ఆరేళ్లూ.

ఎంత మోసం! విమానాల షెడ్డు ఎటో కనుక్కుని నడిచింది.

షెడ్డు వెనక అతని గది. తలుపు తీసే ఉంది. ఆమె కళ్లు ఇంకో ఆడదాని జాడ కోసం వెతికాయి. ఒకటే జత చెప్పులు. ఒకటే కంచం. అతను మంచం మీద కాళ్లు చాపుకుని, కూనిరాగం తీస్తూ నారింజపండు ఒలుస్తున్నాడు.

హాయిగా. ఇంట్లో ఎన్నడూ లేనంత హాయిగా.

ఇంకొకతె ఉన్నా బాగుండేది. జుట్టు పట్టుకుని దులిపేసేది. ఎవరూ లేరు. తనూ పాపా లేకపోవడమే అతనికి కావాల్సింది.

అతను ఉలిక్కిపడి లేచాడు.

"నువ్వా! ఒక్కదానివే ఇంత దూరం..."

నోటికి అలవాటైన మాట. సగంలో ఆగిపోయింది.

"ఎంత దూరమండీ?" అంది.

పెళ్లయ్యాక ఆ మాట అడగడం ఇదే మొదలు.

అతను కిటికీ వైపు చూశాడు. "ఇవాళంటే... గాలి అనుకూలించి..."

బయట ఇంజన్ మళ్లీ మొదలైంది. ఆమె గడప దాటలేదు. వెనక్కీ తిరగలేదు.

"పాప అడుగుతుంది, నాన్న ఎందుకు రాలేదని. గాలి అనే చెప్పమంటారా?"

అతను మళ్లీ కిటికీ వైపే చూశాడు.

కిటికీ అవతల ఒక్క ఆకు కూడా కదలడం లేదు.