రెండో పీపా

పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో అనూరాధ వాసన చూసి తెలుసుకుంటుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలుకకు తాకించబోతే అత్తగారు మణికట్టు పట్టుకుని ఆపారు. "మగాళ్లింకా తిన్లేదు. ఎంగిలి సేసేత్తావేటమ్మా?" అన్నారు. కోపంగా కూడా అనలేదు, గుమ్మం బయట చెప్పులు విడవమన్నంత మామూలుగా అన్నారు. ఆ ఇంటి పద్ధతి అది. పొయ్యి మీది వంటను వండినవాళ్లు రుచి చూడకూడదు. ముందు మగవాళ్లకు వడ్డించి, మొదటి ముద్ద దిగేటప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. కనుబొమలు ముడిపడితే ఉప్పెక్కువ, చెయ్యి ఊరగాయ జాడీ వైపు పోతే తక్కువ. అత్తగారు పోయి ఎన్నో ఏళ్లయింది. ఉక్కునగరం క్వార్టర్‌లో అనూరాధా, భర్త శివరామకృష్ణా ఇద్దరే ఉండేవాళ్లు. అతను ఎప్పుడూ రుచి చూడవద్దనలేదు, చూడమనీ అనలేదు. ఆవిరి మీదికి వంగడం, ఆ తర్వాత అతని ముఖం చూడడం అలా ఉండిపోయాయి.

ఇప్పుడు చూడడానికి ఆ ముఖం లేదు. ఒక రాత్రి స్టీల్ ప్లాంటు షిఫ్టు నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ కుర్చీలోనే ఒరిగిపోయాడు శివరామకృష్ణ. ఇంకా ఏడాది తిరగలేదు. ఆ తర్వాత ఆమె తనొక్కదానికే వండుకుంటోంది, వాసన చూసి దించుకుంటోంది, తింటోంది. ఉప్పెలా ఉందో చెప్పేవాళ్లు లేక, ఇన్ని నెలలుగా ఏం తింటోందో ఆమెకే తెలియడం లేదు.

ఆ ఆదివారం పొద్దున ఆమె అలా గిన్నె మీదికి వంగి ఉండగా ఆడపడుచు ఫోన్ చేసింది. సూర్యకాంతమ్మ శివరామకృష్ణకు అక్క, కాపురం గాజువాకలో. "పైగదికి రంగులేయించేసాం అనూ. నెలాఖరుకి క్వార్టర్ ఎలాగూ ఒప్పజెప్పాలి కదా. నువ్వొచ్చేస్తే నీకూ తోడు, మాకూ తోడు. వంటావిడ మానేసిన దగ్గర్నుంచి మీ అన్నయ్యగారు సగమైపోయారు. నీ చేతి చారంటే ఆయనకి ప్రాణం. సాయంత్రంలోగా ఊ అనేయ్. లారీ మాట్లాడుకోవాలి గదా."

సాయంత్రం చెప్తానంది అనూరాధ. వదినగారి మాటల్లో ప్రేమ లేకపోలేదు. కబురు తెలిసిన రోజు అందరికంటే ముందు వచ్చి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆవిడే. కానీ ఆ పైగది తలుచుకున్నప్పుడల్లా అనూరాధకు కింది వంటిల్లే కళ్లముందుకు వస్తోంది. పొద్దున్నే లేచి ఆ పొయ్యి దగ్గర నిలబడాలి, వదినగారి భర్త నరసింహమూర్తిగారి కంచం ముందు నిలబడి ఆయన కనుబొమలు చూడాలి, అక్కడినుంచి పరుగున బడికి పోవాలి. కాదనడానికి మాత్రం ఆమె దగ్గర కారణమంటూ లేదు. ఇష్టం లేకపోవడం కూడా ఒక కారణమేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. జాలరిపేట పక్క మున్సిపల్ స్కూల్లో ఇన్నేళ్లుగా పిల్లలకు సైన్సు చెబుతూ, ప్రతి జవాబుకూ కారణం రాయమని అడిగే మనిషికి ఆ సంగతి తట్టనే లేదు.

మధ్యాహ్నం ఆమె రుషికొండ బస్సెక్కింది. ముందే మాటిచ్చింది కాబట్టి వెళ్లింది. దేవి ఆమె దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. ఇడ్లీ పిండి ఎందుకు పొంగుతుందో చెప్పిన పాఠం తర్వాత రాత్రంతా ఇంట్లో పిండి గిన్నె దగ్గర కాపలా కూర్చుని, మర్నాడు క్లాసులో నిద్రపోయిన పిల్ల. ఆ పొంగే సంగతే పట్టుకుని పైచదువులు చదివి, ఇప్పుడు రుషికొండ మీద ఒక బ్రూవరీలో బీరు కాస్తోంది. "మీరొచ్చి తాగి సెప్పాలి టీచర్" అని వారం రోజులుగా పోరుతోంది.

జనం వచ్చే వేళ ఇంకా కాలేదు. కొండ అంచున వేసిన బల్లల మీద ఎండా, కింద సముద్రమూ తప్ప ఎవరూ లేరు. ఒక బల్ల దగ్గర దేవి తల్లి చిట్టమ్మ, చేపలు అమ్మేసిన ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది.

"రండి టీచరమ్మా. పొద్దుటి బేరం అయిపోనాది, నానూ వచ్చేసినాను. ఏడాదిబట్టి ఈ పిల్ల ఆ పీపాల్లో ఏటి దాసిందో సూద్దారని."

"దాయలేదే అమ్మా, పడుకోబెట్టాను" అంటూ దేవి ఒక్కో పీపా నుంచి ఒక్కోటి చొప్పున రెండు చిన్న గాజు గ్లాసులు తెచ్చింది. అడుగున నాలుగు గుక్కలంత నలుపు, పైన గోధుమరంగు నురగ. "దీన్ని ఇంపీరియల్ స్టౌట్ అంటారు టీచర్. బీరే గానీ బాగా గట్టిది. నల్లగా వేయించిన బార్లీతో కాస్తాం. ఆ చెక్క పీపాల్లో ఇదివరకు విస్కీ ఉండేది. ఖాళీ అయ్యాక ఓడలో మన పోర్టుకే వచ్చినాయి. వాటిల్లో పోసి ఏడాది కదపలేదు. ఒకటే సరుకు, కానీ ఏ పీపాకి ఆ పీపా వేరేగా తయారైంది. ముందు ఏది బయటికి తియ్యాలో తేలడం లేదు. బీరు తెలిసినోళ్లందరూ నాకు తెలిసిన మాటలే సెప్తన్నారు. ఎప్పుడూ ముట్టని మనిషి ఏటంటాదో వినాలనుంది."

"నేను తప్పు చెప్తే?"

"ఇది పరీక్ష కాదు టీచర్."

అనూరాధ మొదటి గ్లాసు అందుకుంది. ముఖం దగ్గరికి తెచ్చుకుని కళ్లు మూసుకుంది. కాఫీ గింజలు, పాకం పట్టిన తాటిబెల్లం, ఎండుకొబ్బరి, వాన పడ్డ చెక్క. ఊపిరి నిండా పీల్చి, కళ్లు తెరిచి, గ్లాసును చిట్టమ్మ చేతిలో పెట్టింది. చిట్టమ్మ ఇచ్చింది కదా అని ఒక గుక్క వేసింది. అనూరాధ ముందుకు వంగి ఆమె ముఖంలోకి చూస్తోంది.

దేవి కాసేపు చూసి, "మీ గ్లాసు అమ్మకిచ్చేసారేటి టీచర్?" అంది.

"ఎలా ఉందో చూద్దామని."

"అమ్మ మొహంలోనా?"

చిట్టమ్మ చెంప తడుముకుంది. "నా మొకాన ఏటి రాసున్నాదమ్మా? పొద్దుట్నించి ఎండలో తిరిగినాను, సెమట తప్ప ఏటీ కనబడదు."

దేవి పడీపడీ నవ్వింది. అనూరాధకు ముందు సిగ్గేసింది. తర్వాత తను చేసిన పని పూర్తిగా అర్థమైంది. వాసన చూసి, వడ్డించినట్టు అందించి, ఎదుటి ముఖం చూసింది. పులుసు గిన్నె లేదు, అత్తగారు లేరు, భర్త లేడు. ఇరవై ఏళ్లు దాటిన పని ఒంట్లోంచి దానంతటదే నడిచి వచ్చింది. ఆ చిట్టమ్మ ముఖంలో ఆమె వెతికిందేమిటో తలుచుకుంటే నవ్వు ఆగలేదు. ముగ్గురూ నవ్వుతుంటే లోపల గ్లాసులు తుడుస్తున్న మనిషి తొంగి చూసి వెళ్లాడు.

"ఇప్పుడు మీరు తాగండి" అంది దేవి. "నిమ్మళంగా. అరచేతుల్లో పట్టుకోండి, వెచ్చబడేకొద్దీ రుచి మారతాది."

చిట్టమ్మ చేతిలోంచి వెనక్కి తీసుకున్న మొదటిది మెత్తగా దిగింది. పాకంలాంటి తీపి, వెనకాల కొబ్బరి, గొంతులో చిన్న వెచ్చదనం. పండగపూట ఎవరో మర్యాదగా పలకరించినట్టు ఉంది. నీళ్లు తాగి రెండోది ఎత్తింది. ఇది చేదు. డికాక్షన్ గిన్నె అడుగున మిగిలే చేదు, వేపుడు అంచున నల్లబడ్డ కరివేపాకు చేదు. నాలుక వెనక్కి తగ్గింది, మళ్లీ తనే ముందుకు వచ్చింది. చేదు తగ్గాక దాని కింద చెక్కా, పొగా, ఎండుద్రాక్షలాంటిదేదో ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఛాతీలో దీపం వెలిగించినట్టైంది. ఇంకో గుక్క వేసింది. ఎవరూ అడగకుండానే మరొకటి వేసింది.

"రెండోది" అంది.

"ఎందుకు టీచర్?"

మాట తూచుకోవడం ఆమె అలవాటు. సముద్రం వైపు చూసి తూచుకుంది. "మొదటిది బాగుంది. రెండోది నాకు నచ్చింది."

"నాకు మొదటిదే నచ్చింది టీచర్" అంది దేవి తాపీగా. "అమ్మా, నీకు?"

"నాకు రెండూ వొద్దు. మజ్జిగుంటే ఇయ్యి."

అంతే. ఎవరి కనుబొమలూ ముడిపడలేదు. దేవి ఒప్పుకోలేదు, అలాగని దిద్దనూ లేదు. తల్లికోసం మజ్జిగ తేవడానికి లేచి లోపలికి వెళ్లింది. అనూరాధ చెప్పిన మాట బల్ల మీద ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. ఒక మనిషికి ఒకటి నచ్చడం, పక్క మనిషికి ఇంకొకటి నచ్చడం, ఇద్దరూ అదే బల్ల దగ్గర కూర్చుని ఉండడం ఇంత తేలికైన పనా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది.

శివరామకృష్ణ గుర్తొచ్చాడు. సెలవురోజుల్లో ఫర్నేస్ దగ్గరి స్నేహితులు వచ్చి వరండాలో బీరు సీసాలు తెరిచేవాళ్లు. ఆమె లోపల పల్లీలు వేయించి పంపేది, చేప ముక్కలు వేయించి పంపేది. ఒకసారి ఎవరో, "చెల్లెమ్మకి కూడా ఓ గ్లాసు పొయ్ బావా" అంటే అతను నవ్వేశాడు. "అనూకి చేదు పడదురా." కాకరకాయ వండిన రోజున ఆమె కంచంలోని ముక్కలు తన కంచంలోకి తీసుకునేవాడు, అనూకి చేదు పడదని. ఆమె కాఫీలో మూడో చెంచా చక్కెర తనే వేసి కలిపి ఇచ్చేవాడు. ఎంత ప్రేమగా కలిపేవాడంటే, ఆ తీపి తనకు ఇష్టమో కాదో ఆలోచించడమే కృతఘ్నత అనిపించేది. అతను అబద్ధం చెప్పలేదు. అడగలేదు, అంతే. అడిగినా ఏం చెప్పేది, ఆమెకే తెలియనప్పుడు? ఇప్పుడు తెలిసిన ఈ సంగతిని మొట్టమొదట అతనికే చెప్పాలనిపించింది. ఇన్నేళ్లు కాకరకాయంతా నువ్వే తినేశావు కదయ్యా అంటే, అతను నోరు తెరిచి చూసే చూపు కళ్లకు కట్టింది. ఇన్ని నెలల్లో మొదటిసారి, అతను గుర్తొస్తే ఆమెకు నవ్వొచ్చింది. కళ్లు తడిశాయి కూడా. తుడుచుకోకుండా అలాగే నవ్వింది.

చిట్టమ్మ అది చూసింది. వేరే మాట ఎత్తింది. "క్వార్టరు కాళీ సెయ్యాలంట గదా టీచరమ్మా, దేవి సెప్పినాది. రెండు బస్సులు మారి బడికి రావడం ఎన్నాళ్లు? జాలరిపేటలో మా ఎదురింటి మేడ మీద వాటా కాళీగున్నాది. గాలొస్తాది, ఎలుతురొస్తాది. సేపల వాసనే, మీకు పడతాదో నేదో."

"పడుతుందో లేదో వచ్చి చూస్తాను" అంది అనూరాధ. అని, తన మాట తనే విని మరికాస్త నవ్వుకుంది.

ఫోన్ మోగింది. సూర్యకాంతమ్మ.

"ఎక్కడున్నావే? ఇంటికి చేస్తే ఎత్తడం లేదు."

"రుషికొండలో ఉన్నాను వదినగారూ. బీరు తాగుతున్నాను."

అటువైపు టీవీ చప్పుడు వినిపించింది, తర్వాత అదీ ఆగిపోయింది. మజ్జిగ గ్లాసుతో వస్తున్న దేవి అడుగు తీసి అడుగు వెయ్యకుండా నిలబడిపోయింది. "ఏటీ?" అంది సూర్యకాంతమ్మ.

"నా దగ్గర చదివిన అమ్మాయి తయారుచేసింది. ఎలా ఉందో చెప్పమంటే వచ్చాను. మీకు సాయంత్రం చెప్తానన్న మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. లారీ వద్దు వదినగారూ. నేను గాజువాక రావడం లేదు. జాలరిపేటలో, బడి దగ్గర వాటా చూసుకుంటున్నాను."

"ఎవరైనా ఏటన్నారా నిన్ను? మీ అన్నయ్యగారి మీద కోపమా?"

"ఎవరి మీదా కోపం లేదు. మీరు రమ్మన్నది ప్రేమతోనే అని నాకు తెలుసు."

"మరి ఎందుకు రావు?"

"నాకిష్టం లేదు."

ఆ మాట అన్నాక ఏదైనా విరుగుతుందేమోనని అనూరాధ ఒక్క క్షణం ఎదురుచూసింది. కింద అలలు వచ్చినవి వచ్చినట్టే వస్తున్నాయి. చేతిలో గ్లాసు వెచ్చబడింది.

సూర్యకాంతమ్మ గొంతు ఈసారి నిజంగానే దిగులుగా వినిపించింది. "నీకెవరున్నారని అక్కడ? ఒక్కదానివీ ఆ వాటాలో కూచుని ఏం వండుతావు, ఎవరికోసం వండుతావు?"

అనూరాధకు అది అడగవలసిన ప్రశ్నే అనిపించింది. గ్లాసులో మిగిలిన చివరి గుక్క తాగి, దాన్ని నాలుక మీద కాసేపు ఉండనిచ్చింది.

"నాకేం ఇష్టమో ఇంకా తెలీదు వదినగారూ" అంది. "ఒక్కొక్కటే వండుకుని తెలుసుకుంటాను."