నలుగురి కొలత

స్పీకర్ల దుకాణంలో అమ్మేతను అడిగింది చిన్న ప్రశ్నే. "ఇంట్లో ఎంతమంది కూర్చుని చూస్తారమ్మా?"

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే ఆమెకు అబద్ధాలాడే అలవాటు లేదు. అయినా "నలుగురం" అని నోరు జారింది. పదకొండేళ్లు కలిసి ఉన్న అక్క ఉద్యోగం మారి వెళ్లిపోయి నెల అయింది. అప్పటి నుంచి కుళాయిలో చుక్క పడినా ఇల్లంతా వినిపిస్తోంది. ముక్కూ మొహం తెలియని మనిషితో ఇదంతా ఏం చెప్పుకుంటుంది?

"పాటలకే అయితే రెండు చాలు. నలుగురూ కూర్చుని సినిమా చూడాలంటే వెనక కూడా ఉండాలి," అంటూ అతను అయిదింటి సెట్టు చూపించాడు. టీవీ దాకా వైర్లు లాగే పని లేదట. ఆమె తలూపింది.

మర్నాడు అతనే బిగించడానికి వచ్చాడు. అయిదూ అమర్చి, సంచిలోంచి వేలెడంత మైకు తీశాడు.

"ఎవరెక్కడ కూర్చుంటారో చూపించండి. ఒక్కో చోటా ఇది పెట్టి సౌండ్ సర్దుతాను."

గదిలో ఉన్నది ఒక్క కుర్చీ. ఆమె హడావిడిగా వెళ్లి వంటింట్లోంచి ఎత్తుపీట, పడకగదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ, చివరికి స్నానాల గదిలోంచి స్టూలు తెచ్చి వరసగా వేసింది.

"బావగారు పొడుగా, పొట్టా? మైకు చెవి ఎత్తులో ఉండాలి."

"పొడుగే."

"ఈ స్టూలెవరిది?"

"మా... పెద్దాడిది."

"తడిగా ఉందే! ఈతకొట్టి వచ్చి సినిమా చూస్తాడా ఏంటి?"

ఆమె కూడా నవ్వబోయింది. అంతలోనే వంగి చేత్తో స్టూలు తుడిచింది.

"పోనీ, వాళ్లొచ్చాకే కొలుద్దాం లెండి. మనుషులు కూర్చుంటే ఇంకా బాగా కుదురుతుంది," అంటూ అతను గోడకి ఆనుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

ఆమె చెవులు వేడెక్కాయి. "ఎవరూ రారన్నా. నేనొక్కదాన్నే."

అతను వరసగా ఉన్న నాలుగింటినీ ఓసారి చూసి, మైకు మీద లేని దుమ్ము తుడిచాడు.

"ముందే చెప్పొద్దా తల్లీ? నలుగురికని సర్దితే శబ్దం వాళ్ల మధ్యన, ఎవరూ లేని చోట కుదురుతుంది. మీ కుర్చీకి అరకొరగా వస్తుంది. ముందువి రెండూ ఉంచుతాను. మిగతావి వెనక్కి పట్టుకెళ్తాలెండి. కూర్చోండి."

ఆమె కూర్చుంది. అతను ఆమె చెవి పక్కన మైకు పట్టుకుని, "కదలకండి," అన్నాడు.

అతను వెళ్లాక పాట పెట్టింది. పాడే మనిషి రెండు స్పీకర్ల మధ్య, ఖాళీ గోడ దగ్గర నిలబడి తనకోసమే పాడుతున్నట్టుంది. పాట సగంలో లేచి వెళ్లి స్టూలు మీద కూర్చుంది. గొంతు ఓ పక్కకి ఒరిగిపోయింది. ఎత్తుపీట మీదా అంతే. ప్లాస్టిక్ కుర్చీలోనూ అంతే.

చివరికి తన కుర్చీకే వచ్చింది. ఆ గొంతు మళ్లీ ఎదురుగా నిలబడింది.