క్లెమ్ హార్డిగన్ మేనమామ కూతురు

అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో మా పక్కింటి క్లెమ్ హార్డిగన్‌కి ఎనభై తొమ్మిదేళ్ళు. మూకీల కాలంలో నలభై రెండు సినిమాల్లో కౌబాయ్ హీరో. నా లెక్క ప్రకారం అరిజోనా జనాభా మొత్తాన్ని రెండుసార్లు కాల్చి పడేశాడు, గుర్రం దిగకుండా. తర్వాత సినిమాలకి మాటలొచ్చాయి. ఆయన గొంతేమో ప్రెషర్ కుక్కర్ విజిల్. మొదటి డైలాగుకే హాలంతా నవ్వింది. కెరీర్ అయిపోయింది. ఆ తర్వాత యాభై ఏళ్ళు ఆయన జనం ముందు నోరు విప్పలేదు.

1981లో లైబ్రరీ వాళ్ళు ఆయన పాత సినిమా ఒకటి వేసి సన్మానం చేస్తామన్నారు.

"నేను వెళ్ళను. మాట్లాడమంటారు. మళ్ళీ నవ్వుతారు," అన్నాడు మా పెరట్లో కూర్చుని.

ఆ సంగతి చెప్పగానే మా తాతయ్య కొండల్ రావు మీసం దువ్వాడు. ఆర్నెల్లుండి పోదామని తెనాలి నుంచి వచ్చాడాయన. కుర్రతనంలో డేరా సినిమాల్లో తెర పక్కన నిలబడి, మూకీ బొమ్మలకి కథ అరిచి చెప్పేవాడు. వాటిలో క్లెమ్ సినిమాలూ ఉన్నాయి.

"ఒసే రేణూ, ఆయన్ని ఊరికే కూర్చోమను. నేను తెలుగులో చెప్తా, నువ్వు ఇంగ్లీషులో చెప్పు. నా గొంతు పొన్నూరు దాకా వినపడేది!"

క్లెమ్ ఒప్పుకున్నాడు.

హాల్లో అరవై మంది అమెరికన్లు, మా అమ్మ పోగుచేసిన పదకొండు మంది తెలుగువాళ్ళు. తాతయ్య గర్జించాడు, నేను అనువదించాను. ఆఖర్న హీరో హీరోయిన్‌ని ముద్దు పెట్టుకున్నాడు.

తాతయ్య రెండు చేతులూ ఎత్తాడు. "అమ్మలారా, తలలు దించుకోకండి! ఆ పిల్ల పరాయిది కాదు, వరసైనదే. మేనమామ కూతురు!"

"హమ్మయ్య," అంది మా తెలుగువాళ్ళలో ఒకరైన శశికళ ఆంటీ. అప్పట్లో ఆ ముక్క చెప్పకపోతే డేరాలో ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయేవారట. అందుకని క్లెమ్‌కి తెనాలిలో నలభై ఇద్దరు మేనమామలు.

కజిన్‌ని ముద్దు పెట్టుకున్న మగాడికి ఈ దేశంలో పరువుండదని నాకు తెలుసు. కానీ అనువాదంలో నిజాయితీ ముఖ్యం. మైకులో స్పష్టంగా చెప్పాను: "ఆమె ఈయన సొంత కజిన్."

ముందు వరసలో ఒకావిడ మనవడి కళ్ళు మూసింది.

క్లెమ్ లేచి నా చేతిలో మైకు లాక్కున్నాడు. "కాదు! ఆమె నాకేమీ కాదు! ఆమెది ఒహాయో!"

విజిల్ హాలంతా మోగింది. ఆయన బిగుసుకుపోయాడు. ఎవరూ నవ్వలేదు. ఆ గొంతెలా ఉందో పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు.

"మరైతే ఎవరావిడ?" అంది ముందు వరసావిడ, చెయ్యి తియ్యకుండానే.

క్లెమ్ జనం వంక చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మొదట్నుంచీ చెప్పాలి," అన్నాడు.

గంటన్నర తర్వాత లైబ్రరీ వాళ్ళు ఒక్కొక్క లైటే ఆర్పడం మొదలుపెట్టారు. ఆయనింకా 1919లోనే ఉన్నాడు.