కోటు వదులు కాలేదు

అక్కకు నా కిడ్నీ సరిపోతుందన్నారు. నేనే సరిపోనన్నారు. మూడు నెలల్లో తొమ్మిది కిలోల కొవ్వు కరిగిస్తేనే ఆపరేషన్ అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

నేను పెళ్లిళ్ల బ్యాండులో డ్రమ్ము వాయిస్తాను. శుక్ర, శనివారాలు ఇల్లు చేరేసరికి రాత్రి రెండు దాటుతుంది. ఖాళీ కడుపుతో వాయిస్తేనే దెబ్బ గట్టిగా పడుతుందని మా బ్యాండు మాస్టారి నమ్మకం. అందుకని ఆకలితో వాయించి, ఒంటిగంటకు వంటశాలలో మిగిలినదాని మీద పడేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం దాకా నిద్ర, ఆ రాత్రి జాగరణ. సోమవారం కాటా ఎక్కితే రెండు కిలోలు ఎక్కువ. ఆ కోపంలో మూడు రోజులు పస్తు. శుక్రవారం మళ్లీ మొదటికే.

నెలంతా ఇదే తంతు. అక్క కాటా తీసుకెళ్లి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. అక్క దర్జీ. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళ్తుంది. మిగతా రోజులు మిషను తొక్కుతూ నన్ను తిడుతుంది.

“సోమవారం కనబడేది కొవ్వు కాదురా, అర్ధరాత్రి మెక్కిన ఉప్పూ, దాని వెంట తాగిన నీళ్లూ. దానికి పస్తులెందుకు? ఏడింటికే ఇంట్లో తిని వెళ్లు. ఆకలేస్తే తినడానికి రెండు గుడ్లు డబ్బాలో పెట్టిస్తా. ఎప్పుడు పడుకున్నా తొమ్మిదింటికి లేపేస్తా. కావాలంటే మధ్యాహ్నం అరగంట నడుం వాల్చు.”

“మాస్టారు ఊరుకోడక్కా.”

“దెబ్బ చేతిలో ఉంటుంది, కడుపులో కాదని చెప్పు.”

చెప్పాను. మాస్టారు రెండు వారాలు నా డ్రమ్ము వైపు అనుమానంగా చెవి పెట్టాడు. మూడో వారం నా డబ్బాలోంచి ఒక గుడ్డు అడిగాడు.

నేను బుద్ధిగానే ఉన్నాను. కాటా లేదు కాబట్టి బ్యాండు కోటే నాకు కొలత. ఎర్ర కోటు, అంచుకు జరీ, అక్క కుట్టిందే. ప్రతి శుక్రవారం ఇస్త్రీ చేసి ఇస్తుంది. ప్రతి శుక్రవారం గుండీలు అంతే బిగువు. ఎనిమిది వారాలైనా వేలు దూరలేదు.

ఆసుపత్రికి వెళ్లే ముందురోజు మిషను పక్కన కూలబడ్డాను. “నా వల్ల కాలేదక్కా. కోటు వీసమెత్తు వదులు కాలేదు. నీ మొహం ఎలా చూడాలో తెలియట్లేదు.” ఏడుపు ఆగలేదు.

అక్క మిషను ఆపి నన్ను ఎగాదిగా చూసింది. సొరుగు లాగి నా ఒళ్లో ఒక గుప్పెడు ఎర్ర గుడ్డపేలికలు పోసింది.

“ప్రతి గురువారం పక్కలు కత్తిరించి బిగిస్తున్నానురా. నేను కుట్టిన కోటు నీ ఒంటిమీద గోనెసంచిలా వేలాడితే నలుగురిలో నా పరువేంగాను?”

“ఒక్కమాట చెప్పొచ్చుగా.”

“నీ పొట్ట సంగతి నీకు తెలియదని నాకేం తెలుసు?”

మర్నాడు ఆసుపత్రి కాటా మీద పది కిలోలు తగ్గాను. డాక్టరమ్మ ఆపరేషన్‌కు తేదీ రాసిచ్చింది. దారి పొడుగునా అక్క చెయ్యి వదల్లేదు నేను. ఇల్లు చేరగానే తను మిషను ముందు కూర్చుని చెయ్యి చాచింది.

“ఆ పేలికలు ఇటివ్వు, మళ్లీ అతుకుతా. ఆపరేషన్‌లో కోసినచోట నీకు కోటు ఒరుసుకోకూడదు.”