బంపరుకు పట్టని రంగు

సంతోషికి కాలు ఒక్కచోట నిలవడం లేదు. స్ప్రే డబ్బా పట్టుకుని పికప్ బండి చుట్టూ తిరగడం, గల్లీ చివరిదాకా తొంగిచూడడం, మళ్ళీ వచ్చి బంపర్ ముందు కూలబడడం. పొద్దున్నుంచి ఇదే పని. బోరంచ నల్లపోచమ్మ గుడికి పోయిన మామ సంగయ్య మూడు గంటల బస్సుకు దిగుతాడు. ఆలోపు రంగు ఆరాలి.

సంగయ్య ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒక్క గీత పడనివ్వలేదని ఊరంతా చెప్పుకుంటాడు, విననివాళ్ళను ఆపి మరీ వినిపిస్తాడు. కొడుకు బస్వరాజ్ కాలు విరిగి మంచాన పడ్డాక, టమాటాలు కల్హేర్ అంగడికి చేర్చేదెవరన్న మాట వచ్చింది. ఆయనకేమో చూపు ఆనదు. లైసెన్సున్న కోడలికే తాళంచెవి ఇచ్చాడు.

"బండికి ఒక్క గీత పడ్డదా, ఇగ నువ్వు ముట్టేది లేదు. మనూర్ నుంచి డ్రైవర్ను పిలుస్త" అన్నాడు.

ఆ తాళంచెవి చేతికొచ్చి ఇరవై రోజులు. పెళ్ళయినప్పటినుంచి సంతోషికి ఇంత సంబరం ఎప్పుడూ కలగలేదు. నిన్న చేను దగ్గరి గేటు రాయికి నల్ల ప్లాస్టిక్ బంపర్ కుడి మూల గీరుకుపోయింది. రాత్రంతా నిద్ర లేదు.

"సబ్బుతోని కడుగు, గరుకు కాయితంతోని రుద్దు, ప్రైమర్ కొట్టు, ఆరినంక నలుపు కొట్టు. నడుమల ముట్టకు వదినా" అని మెకానిక్ గోవర్ధన్ డబ్బాలిచ్చాడు. అన్నీ చేసింది, ముట్టకుండా ఉండడమొక్కటే చేతకాలేదు. రెండుసార్లు వేలిముద్ర పడింది, రెండుసార్లూ రుద్ది మళ్ళీ కొట్టింది. ఎట్టకేలకు కుడి మూల నిగనిగలాడింది. ఏం లాభం? ఎండకు తెల్లబారిన మిగతా బంపర్ పక్కన అదొక్కటే మెరుస్తూ, గీరింది ఇక్కడేనని చాటింపు వేస్తోంది. మొత్తం కొట్టక తప్పలేదు.

"ఏందే గా వాసన? తల తిరుగుతున్నది" లోపలి మంచం మీదినుంచి బస్వరాజ్ కేకేశాడు.

"బండి సాఫ్ చేస్తున్న. నువ్వు పండుకో!"

నడిమి భాగం బాగానే వచ్చింది. ఎడమ మూలే మొండికేసింది. కొట్టిన రంగు కొట్టినట్టే చుక్కలు చుక్కలుగా విడిపోయి జారుతోంది. "నీ పాడుగాను!" అని తిట్టి, థిన్నర్ ముంచిన గుడ్డతో బలంగా తుడిచింది. గుడ్డకు నల్లటి జిడ్డు అంటింది. వాసన చూసింది. బూట్ల పాలిష్! ఈ ఇంట్లో బూట్లున్నది ఒక్కరికే. జిడ్డు పోయినకొద్దీ కింద జానెడు గీత బయటపడింది. దాని ముందు తన గీత ఏపాటిది!

సంతోషికి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ గుండె గుప్పిట్లో పెట్టుకుని బండి నడిపింది.

గేటు కిర్రుమంది. కొబ్బరిచిప్ప పట్టుకుని సంగయ్య లోపలికొచ్చాడు. ఎడమ మూలను చూశాడు, నల్ల గుడ్డను చూశాడు, అక్కడే నిలబడిపోయాడు.

"గిది నీది మామా" అంది సంతోషి. గుడ్డతోనే కుడి మూలను చూపించింది. "కుడి దిక్కుది నాది. నిన్న పడ్డది. నీకు తెల్వకుండ రంగేసిన."

సంగయ్య తల దించుకున్నాడు. "చెయ్యి ఊకోలే బిడ్డా. ఒక్కసారి చెరువుకట్ట దాక తీసుకపోయిన. గంతే." గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించాడు. "వానికి చెప్పినవా?"

"లే."

"డబ్బాల రంగున్నదా? అయితే కొట్టు. జల్దీ."

ఆమె ప్రైమర్ కొట్టింది, ఆరాక నలుపు కొట్టింది. ఇప్పుడు కాలు నిలవనిది ఆయనకు. గుమ్మం దాకా పోవడం, కొడుకు పడుకున్నాడో లేదో చూడడం, మళ్ళీ రావడం. "ఆరిందా?"

"ముట్టకు మామా!"

అప్పటికే ముట్టాడు. వేలిముద్ర అచ్చంగా పడింది. సంతోషి గరుకు కాయితం ఆయన చేతిలో పెట్టింది. "ఆరినంక నువ్వే రుద్దు."

సంగయ్య కాయితం పట్టుకుని బంపర్ ముందు గొంతుకూర్చున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"రేపు అంగడికి నన్ను గూడ తీసుకపోతవా? పక్క సీట్ల కూసుంట."

"కూసో మామా. గని ఆడ కూసొని ఊకె బ్రేకు తొక్కకు."