తొమ్మిదో నంబరు ప్రార్థన గది

జిప్పులాయన షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరి, ముందు ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు. తర్వాతే లైటు వేశాడు. గడప ముందు మురుగు మళ్ళీ పొంగింది. నల్లటి నీళ్ళలో కూరగాయల తొక్కలు, వెంట్రుకల ముద్దలు, పొట్ట ఉబ్బిన ఎలుక ఒకటి. చీపురుతో ఎలుకని అవతలికి నెట్టాడు. అది కాస్త దూరం పోయి, తీరిగ్గా మళ్ళీ గడప దగ్గరికే తేలుతూ వచ్చింది.

రోడ్డు అవతల ఊడుస్తున్న మనిషిని పిలిచాడు.

"అమ్మాయ్, ఈ ఎలుకనన్నా పట్టుకుపోవే."

"నీ గడప మా లిస్టులో లేదు బాబాయ్. పన్ను కట్టే దుకాణాల ముందే ఊడవమన్నారు. నీది దుకాణం కాదుగా, ప్రార్థన గదిగా. దాని కోసం కూడా ఓ ప్రార్థన చెయ్యి, లేచిపోతుందేమో."

మూడంతస్తుల ఆ మేడ ఒక ప్రార్థన సంస్థది. కింద పద్నాలుగు కొట్లు, పైన లాడ్జి. కాగితాల్లో మాత్రం మొత్తం ప్రార్థన మందిరమే. అందుకని దానికి పన్ను లేదు. పన్ను లేదు కాబట్టి మురుగు తోడే బండీ రాదు. ఎదురుగా బల్ల మీద టీ అమ్ముకునే ముసలామె కూడా ఏటా పన్ను కడుతుంది.

తొమ్మిదో నంబరు కొట్లో ఆయన ఇరవై రెండేళ్ళుగా జిప్పులు బాగుచేస్తున్నాడు. కొవ్వొత్తి మైనం రుద్ది రుద్ది వేళ్ళ చివరలు నున్నగా మెరుస్తాయి. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి అలాగే గట్టిపడింది. బాగైన జిప్పుని మనిషి ఎదురుగా మూడుసార్లు లాగి చూపించందే సంచి చేతికివ్వడు.

కొట్టు బోర్డుకి రెండు ముఖాలు. ఒకవైపు 'జిప్పులు బాగుచేస్తాం' అని రాసి, కింద నిజమైన ఇత్తడి జిప్పునే మేకులతో కొట్టాడు. రెండోవైపు 'ప్రార్థన గది - 9'. ఏడాదికోసారి పన్నుల అధికారి తనిఖీకి వస్తాడు. ఆ రోజు పద్నాలుగు బోర్డులూ తిరగాలి.

పదింటికి మేనేజరు వచ్చాడు. తెల్లటి బట్టలు, ఘాటైన సెంటు. మురుగుని మునివేళ్ళ మీద దాటాడు.

"ఇవాళే తనిఖీ. బోర్డు తిప్పు, చాప పరుచు. కిందటేడులా ఆ జిప్పు తోక కిందకి వేలాడకూడదు. లోపలికి దోపు."

"మురుగు సంగతి చెప్పానండి..."

"కాసేపు కళ్ళు మూసుకుంటావుగా. ముక్కు కూడా మూసుకో."

జిప్పులాయన బోర్డు తిప్పాడు, తోక లోపలికి దోపాడు. పట్టకారు, కత్తెర, నిన్న రాత్రి బాగుచేసిన బడిసంచి అన్నీ చాప కిందికి తోసి, ఎత్తుపల్లాల మీదే కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లో రోజూ పడుకోబోయే ముందు నిజంగానే దణ్ణం పెట్టుకునే మనిషి. తనిఖీ రోజు మాత్రం ఇంటికెళ్ళాక చేతులు జోడించబుద్ధి కాదు. వాటికి ఏదో జిగురు అంటినట్టుంటుంది.

అధికారి గుమ్మంలో నిలబడిన సంగతి దగ్గు వల్ల తెలిసింది. ఆ వెనకే ఒక పిల్ల గొంతు.

"తాతా, నా సంచి అయిందా? మధ్యాహ్నం పరీక్షుంది."

కళ్ళు తెరిచాడు. అధికారి పక్కనే మేనేజరు గుడ్లురుముతున్నాడు. ఏ సంచి తల్లీ అనాలి. కానీ నోరు అలవాటు కొద్దీ, "అయిందమ్మా" అనేసింది. చెయ్యి అప్పటికే చాప కిందికి పోయింది. జిప్పుని ఒకసారి, రెండోసారి, మూడోసారి లాగి చూపించి సంచి ఇచ్చాడు. ఆ చప్పుడుకి పక్క గదిలో భక్తుడెవడో కిసుక్కున నవ్వాడు.

అధికారి కూడా నవ్వాడు. "మంత్రం బాగుందయ్యా."

జిప్పులాయనకి భయం వేసింది. భయమొక్కటే కాదు, కాస్త ఆశ కూడా. ఇక దుకాణమని రాసేస్తారు, పన్ను పడుతుంది, బండి వస్తుంది. అధికారి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, కాగితాన్ని గోడకానించి, 'ప్రార్థన మందిరం' అన్న చోటే సంతకం చేశాడు.

"పైన భోజనం సిద్ధంగా ఉందండి," అన్నాడు మేనేజరు.

మూడింటికి మేనేజరు పళ్ళు కుట్టుకుంటూ ఒక్కడే దిగి వచ్చాడు.

"సాయంత్రానికి గది ఖాళీ చెయ్యి."

"నెల తప్పకుండా అద్దె కట్టానండి. ఇలా ఉన్నపళంగా పొమ్మంటే..." బిస్కెట్ల డబ్బాలోంచి రసీదుల కట్ట తీశాడు.

"చదువు. అద్దె అని ఎక్కడుంది?"

కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే తిప్పాడు. భక్తుడి నుంచి విరాళం. భక్తుడి నుంచి విరాళం. ఇన్నేళ్ళూ ఆ మాట చూస్తూనే ఉన్నాడు. అద్దెనే కాస్త మర్యాదగా రాస్తున్నారనుకున్నాడు.

"అద్దెకున్నవాడికి నోటీసిస్తారు. భక్తుడికి నోటీసేంటి? వస్తాడు, పోతాడు." మేనేజరు పళ్ళ సందులోంచి తీసినదాన్ని మురుగులోకి ఉమ్మాడు.

జిప్పులాయన ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

చీకటి పడకముందే సామాన్లన్నీ రెండు సంచుల్లో సర్దాడు. వాటి జిప్పులు కూడా మూడుసార్లు లాగాడు. చీపురు భుజాన వేసుకుని ఊడ్చే మనిషి ఎదురొచ్చింది.

"ఎక్కడికి బాబాయ్?"

"ప్రార్థన అయిపోయిందమ్మా."

ఆమె సంచుల వంక చూసింది, నవ్వలేదు. "పిన్నికేం చెప్తావు?"

"రేపట్నుంచి నా చొక్కా కంపు కొట్టదని చెప్తా."

మలుపు దాకా ఆమె చూస్తూనే ఉంది. ఆయన వెనక్కి తిరగలేదు. తొమ్మిదో నంబరు మీద 'ప్రార్థన గది' అన్న పలక అలాగే ఉంది. దాని వెనకనుంచి ఇత్తడి జిప్పు తోక మళ్ళీ జారి, మురుగు మీదికి వేలాడుతోంది.